వృద్ధాశ్రమంలో పండగ ఎవరిది?

పండగలు దగ్గరపడ్డాయంటే హైదరాబాద్‌లో వృద్ధాశ్రమాల ఫోన్లకు తీరిక ఉండదు. "మీ దగ్గర ఎంతమంది ఉంటారండీ? దసరా రోజు మధ్యాహ్నం భోజనం మేం పెట్టొచ్చా? అప్పటికే ఎవరైనా బుక్ చేసుకున్నారా? పోనీ టిఫిన్?" ఇవే ప్రశ్నలు. మా మేనత్త కీసర వైపు ఒక ఓల్డేజ్ హోంలో కొన్నేళ్ళుగా ఉంటోంది. ఆమెను చూడ్డానికి వెళ్ళీ వెళ్ళీ అక్కడి పండగ పనులు కొన్ని నా నెత్తిన పడ్డాయి. ఆఫీసు గదిలో కూర్చున్నప్పుడు ఆ ఫోన్లు నేనూ ఎత్తుతుంటాను. తండ్రి సంవత్సరీకం అని ఒకరు, పిల్లాడి పుట్టినరోజు పండగ రోజే వచ్చిందని ఒకరు, ఏ కారణమూ లేకుండా నలుగురికి పెట్టి తిందామని ఇంకొకరు. అందరిదీ మంచి మనసే, అందులో అనుమానం లేదు. కానీ "ఆ రోజు మీవాళ్ళు ఏం చేసుకుంటున్నారు, మేం రావచ్చా?" అని అడిగినవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు. వాళ్ళు ఏమీ చేసుకోరనీ, ఎవరో వచ్చి చేస్తేనే వాళ్ళకు పండగనీ మనం ఖాయం చేసేసుకున్నాం.

నా గొడవంతా అక్కడే. మన పండగలు ఒక్కొక్కటే చూడండి, పెద్దవాళ్ళు ఇచ్చే వైపు ఉంటారు. భోగినాడు ఐదేళ్ళలోపు పిల్లల్ని పీటమీద కూర్చోబెట్టి రేగుపళ్ళు, చిల్లర నాణేలు, చెరుకు ముక్కలు, పూలరేకులు కలిపి తలమీద పోసేది పెద్దవాళ్ళు. దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి పెట్టేది పెద్దవాళ్ళ చేతిలో, దీవించి పంపేది వాళ్ళు. రంజాన్ నమాజు అయ్యాక పిల్లలకు ఈదీ డబ్బులు ఇచ్చేది ఇంట్లో తాతలు, నానీలు. రాఖీ కట్టిన చెల్లెలి చేతిలో ఎంతో కొంత పెట్టేది అన్న, ఆయనకు ఎనభై ఏళ్ళొచ్చినా సరే. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చాలిందా లేదా అన్న తీర్పు కూడా వాళ్ళదే. ఇలాంటి మనిషి హోం గేటు దాటి లోపలికి వచ్చాక, పండగ పూట వరసలో కూర్చుని, రెండు చేతులూ చాపి, ఒక యాపిల్, రెండు అరటిపళ్ళు, ఒక బ్రెడ్ ప్యాకెట్ పుచ్చుకుని, ఫొటో కోసం తలెత్తాలి. మామూలు రోజుల్లో పుచ్చుకోవడం ఎలాగూ తప్పదు: అన్నం హోం వాళ్ళు పెడతారు, మందులు వాళ్ళు ఇస్తారు, స్నానం వాళ్ళు చేయిస్తారు. పండగ రోజైనా అది కాస్త తిరగబడాలి కదా. మనం చేస్తున్నది దాన్ని రెట్టింపు చేయడం.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 60 ఏళ్ళు నిండినవాళ్ళను వయోవృద్ధులంటుంది. ఆధారం లేనివాళ్ళ కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మందికి చోటు ఉండేలా మొదలుపెట్టమని రాష్ట్ర ప్రభుత్వాలకు చెబుతుంది. సంక్షేమం అంటే ఏమిటో కూడా అందులో రాసుంది: ఆహారం, వైద్యం, కాలక్షేప కేంద్రాలు, అవసరమైన ఇతర సౌకర్యాలు. అన్నీ పుచ్చుకునేవే. చట్టం అంతకంటే ఏం రాయగలదు? మిగతాది మనం చూసుకోవాలి.

దాతల గడియారం మీద హోం నడిస్తే ఏమవుతుందో ఒక వినాయక చవితికి చూశాను. ఒక కంపెనీ వాళ్ళు మధ్యాహ్న భోజనం పెడతామన్నారు. పన్నెండున్నరకల్లా వ్యాను వస్తుందన్నారు కాబట్టి హోం వంటగదిలో ఆ పూట పొయ్యి వెలిగించలేదు. సిస్టర్ అలవాటు ప్రకారం పన్నెండు గంటలకు ఇన్సులిన్లు ఇచ్చేసింది. ఇన్సులిన్ పడ్డాక అరగంటలో కడుపులోకి అన్నం పోవాలి. గణపతి మండపాల దగ్గర ట్రాఫిక్ దాటుకుని వ్యాను వచ్చేసరికి ఒంటిగంట దాటింది. తర్వాత బ్యానరు కట్టారు. బ్యానరు వంకరగా ఉందని విప్పి మళ్ళీ కట్టారు. వాళ్ళ పెద్దసారు నాలుగు మాటలు మాట్లాడారు, సేవ గురించి. విస్తళ్ళు ముందేసుకుని అందరూ వింటున్నారు. మేం ఆర్టీసీ తాత అని పిలిచే పెద్దాయన, రిటైరైన డ్రైవరు, చొక్కా కాలరంతా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, పక్కాయనతో ఏదో పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. ఆయా చూసి కేకేసింది. సిస్టర్ పరిగెత్తుకొచ్చి గ్లాసు నీళ్ళలో చక్కెర కలిపి తాగించింది. పది నిమిషాల్లో తేరుకుని, "ఏమైంది, బండి ఆగిందా?" అన్నాడు తాత. అందరూ నవ్వేశారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. వచ్చినవాళ్ళలో సగంమందికి అసలేం జరిగిందో తెలీదు. ఎవరో ముసలాయనకు నీరసం వచ్చింది, అంతే.

ఆ తర్వాత మేనేజరు రెండు నియమాలు పెట్టాడు. ఎవరు ఏం పెడతామన్నా సరే, హోంలో అన్నం, పప్పు వండి ఉంటాయి. విస్తట్లో అన్నం కనిపించేదాకా ఇన్సులిన్ సూది బయటికి రాదు. ఇవి చెబితే ఫోన్లో కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

పళ్ళ సంచుల సంగతీ చెప్పాలి, కానీ పెద్దగా సాగదీయను. కిడ్నీలు బలహీనపడ్డవాళ్ళకు అరటిపండు, బత్తాయి, కొబ్బరినీళ్ళు కూడా డాక్టర్లు తగ్గించమంటారు, వాటిలో పొటాషియం ఎక్కువ. మింగడం కష్టమైనవాళ్ళకు తొలి ఏకాదశి పేలాల పిండి లాంటి పొడి పదార్థం నోట్లో వేస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. దాన్ని పాలతోనో నెయ్యితోనో బాగా ముద్ద చేసి, కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెట్టాలి. ఒక్కొక్కరి పేరు పక్కన ఏది వద్దో రాసిన కాగితం సిస్టర్ గది తలుపు వెనక అంటించి ఉంటుంది. స్వీటు డబ్బా పట్టుకుని తిన్నగా మంచాల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు ఆ తలుపు చూడరు.

సరే, తిరగబడటం అంటే ఏం చేయాలి? సంక్రాంతి సకినాల సంగతి చెబుతాను.

మా మేనత్తది వరంగల్ వైపు పల్లె. సంక్రాంతికి సకినాలు చుట్టకపోతే ఆమె లెక్కలో ఏడాది మొదలు కాదు. "పిండి పట్టించుకురా, మిగతాది మేం చూసుకుంటం" అంది. మేనేజరు మొదట ఒప్పుకోలేదు. నూనె మూకుడు, వణికే చేతులు, నేల మీద నూనె పడితే జారి తుంటి విరగడం, ఆయన భయాలు ఆయనవి, తప్పు పట్టలేం. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: వేయించేది వంటమనిషి, వంటింట్లో. చుట్టేది వీళ్ళు, భోజనాల హాల్లో. నేలమీద గుడ్డ పరిచి కూర్చునే మోకాళ్ళు కావు కాబట్టి బల్లలు రెండు కలిపి వాటి మీద ఉతికిన తెల్ల పంచె పరిచాం. నానబెట్టిన బియ్యం తడిగా పట్టించిన పిండి, నువ్వులు, వాము, ఉప్పు. అంతే సరుకు.

పిండి కలిపిన ఆయాను మొదటి తిట్టు తిట్టింది ఎవరో చెబితే ఆశ్చర్యపోతారు. సొంత కొడుకు వస్తే "ఎవరు బాబూ నువ్వు" అని అడిగే ఒక పెద్దమ్మ ఉంది. బల్ల పక్కన ఊరికే కూర్చోబెట్టాం. ఆమె గిన్నెలోంచి చిటికెడు పిండి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, "ఇది గట్టిగుంది, తెగుతది, నీళ్ళు చల్లు" అంది. నిజంగానే అప్పటికి చుట్టినవన్నీ మధ్యలో తెగిపోతున్నాయి. నీళ్ళు చల్లాక ఆమె చేతిని చూశాను. పిండిముద్ద గుప్పిట్లో ఉంటుంది, వేళ్ళు దాన్ని తిప్పుతూ సన్నటి తాడులా వదులుతుంటాయి, ఆ తాడుకు మెలిక పడుతూ ఉంటుంది, మణికట్టు గుండ్రంగా తిరుగుతుంటుంది. ఒక చుట్టు, దాని వెంటే రెండోది, మూడోది. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు ఎక్కడా మారదు. మా మేనత్తకు వేళ్ళ కీళ్ళ నొప్పులు, ఆమెవి రెండు చుట్లు దాటలేదు. కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ "మేం అరిసెలు చేస్తామండీ, ఇదేంటి ఈ ముగ్గు" అంటూనే పక్కన కూర్చుని నువ్వులు ఏరింది. చేయి పనికిరానివాళ్ళు లెక్క చూశారు, పేపరు సంచుల్లో పోశారు, ఆరాయా లేదా అని తాకి చూశారు. ఆర్టీసీ తాత టీ ఎవరెవరికి చక్కెర లేకుండానో చెప్పాడు.

ఆ వారం పళ్ళతో వచ్చిన ఒక కుటుంబానికి మా మేనత్త సకినాల సంచి ఇచ్చింది. ఆ అమ్మాయి ఇబ్బంది పడి, "అయ్యో, వద్దు పెద్దమ్మా, మీరు తినండి" అంది. "మా నోట్లో పళ్ళేవి బిడ్డా, నువ్వు తీసుకపో" అంది మేనత్త. ఇల్లంతా నవ్వు. ఎంత తమాషా చూడండి, సకినం గట్టిది, చేసినవాళ్ళలో చాలామంది టీలో నానబెట్టుకుని తప్ప తినలేరు. తినడానికి చేసుకోలేదు, పెట్టడానికే చేశారు. ఆ అమ్మాయి సంచి పట్టుకుని నిలబడ్డ తీరు నాకు బాగా గుర్తు. పుచ్చుకోవడం మనకు ఎంత చేతకాదో అప్పుడు కనిపించింది. పళ్ళు ఇవ్వడానికి వచ్చినవాళ్ళం, సకినాలు తీసుకోవడానికి మొహమాటం.

కార్తీకమాసంలో అదే పద్ధతి వత్తులతో నడిచింది. పౌర్ణమి రోజు ఏడాది మొత్తానికి లెక్కగా 365 వత్తులు వెలిగిస్తారు. ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ళకు చేసుకునే తీరిక ఉండదు, బజార్లో కట్టలు కొనుక్కుంటారు. హోంలో పత్తి ఇస్తే చాలు, గింజ తీసి, విడదీసి, అరచేతిలో పాముతూ టీవీ సీరియల్ చూస్తూనే కట్టలు తయారుచేసే చేతులు నాలుగైదు ఎప్పుడూ ఉంటాయి. ఆ నెలలో ఉసిరిచెట్టు కింద భోజనాలకు వచ్చిన ఆడవాళ్ళందరికీ తలా ఒక కట్ట ఇచ్చి పంపారు. ఒక మంచి ఆలోచన గల పెద్దమనిషి, వీటిని ప్యాక్ చేసి 'అమ్మమ్మల చేతి వత్తులు' అని స్టిక్కర్ అంటించి అమ్ముదామన్నాడు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "కొంటే మా మీద జాలితో కొంటారు. ఇస్తే వత్తులని తీసుకుంటారు" అంది. నేను ఆమె పక్షమే.

డబ్బు సంగతి ఇంకా చిక్కు. హోంలో చాలామంది చేతిలో పైసా ఉండదు. పింఛను ఉన్నా అది ఖర్చుల కింద జమవుతుంది, లేదా కొడుకు దగ్గర ఉంటుంది. అప్పట్లో ఆసరా పేరుతో ఉన్న ప్రభుత్వ పింఛను నెలకు 2016 రూపాయలు తీసుకునే ఒకావిడ, ఆయా కూతురు పెద్దమనిషయిందని తెలిసి వంద రూపాయలు చేతిలో పెట్టడానికి మేనేజరును అడుక్కోవాల్సి వచ్చింది. ఆ మాట ఆవిడే చెప్పింది, "అడుక్కున్న" అనే. భోగిపళ్ళకు పిల్లలు వస్తున్నారని తెలిసి ఒక దాత కొత్త పదిరూపాయల నోట్ల కట్ట తెచ్చి, "మీరే పిల్లలకివ్వండి" అన్నాడు. ఉద్దేశం నాకు నచ్చింది. ఆర్టీసీ తాత మాత్రం నోట్లు తిరిగిచ్చేశాడు. "నీ పైసలు నా చేత్తో ఇప్పిస్తవా? నేను కండక్టర్‌ను కాదు, డ్రైవర్‌ను" అన్నాడు. అందుకని ఇప్పుడు మేం పోరుతున్నది వేరే. ఎవరి సొంత డబ్బులోంచి వాళ్ళకు పండగ ఖర్చుకని కొంత చేతికివ్వాలి, దానికి లెక్క అడగకూడదు. మేనేజరు ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఇక పండగల పేరుతో బయటివాళ్ళు లోపలికి తెచ్చే పాత ఆచారాలున్నాయి. శ్రావణ శుక్రవారం ఒక కాలనీ నుంచి ఆడవాళ్ళు తాంబూలాల పళ్ళాలతో వచ్చారు. పసుపు, కుంకుమ, జాకెట్ ముక్క, నానబెట్టిన శనగలు. రాగానే ఆఫీసులో అడిగిన మాట, "ముత్తైదువలు ఎంతమంది?" హోంలో ఆడవాళ్ళలో ఎక్కువమంది భర్తలు పోయినవాళ్ళే. భార్యాభర్తలు జంటగా ఉన్న గదులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ కొద్దిమందికీ బొట్టు పెట్టి, కాళ్ళకు పసుపు రాసి తాంబూలం ఇచ్చారు. మిగతావాళ్ళకు పండు. ఒకే గదిలో రెండు మంచాలు, ఒక మంచానికి తాంబూలం, ఇంకో మంచానికి అరటిపండు. వాళ్ళు కావాలని చేశారనను, అమ్మలు నేర్పింది చేశారు. అయినా సరే, వాళ్ళింట్లో వాళ్ళ ఇష్టం, ఇక్కడ కుదరదని మరుసటి శ్రావణానికి ముందే చెప్పేశాం. ఈసారి శనగలు హోంలోనే నానబెట్టారు. వచ్చినవాళ్ళకు బొట్టుపెట్టి శనగలిచ్చింది మా మేనత్త, ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒకావిడ వెనక్కి తగ్గింది, మిగతావాళ్ళు తీసుకున్నారు. తగ్గినావిడ మళ్ళీ రాలేదు. ఆ నష్టం మేం భరించగలం.

బతుకమ్మకు ఈ బాధ లేదు. మా ఊళ్ళో భర్త ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే వలయంలో చప్పట్లు కొట్టేవాళ్ళు. హోంలో వలయం కుర్చీలతోనే, కదిలేవి చేతులు మాత్రమే. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతి, చామంతి తెచ్చుకోవచ్చు కానీ తంగేడు, గునుగు లేకుండా మేనత్త ఒప్పుకోదు. వాటి కోసం కీసర దాటి వెళ్ళాలి. తాంబాళంలో గుమ్మడి ఆకు పరిచి పూలు పేర్చడానికి కూర్చున్న చోటే చాలు, చూపు ఆననివాళ్ళు కూడా గునుగు కాడలు ఒకే పొడవుకు తుంచి అందిస్తారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. ఆ ఒక్క రోజు విశ్రాంతి పెట్టిన మహాతల్లి ఎవరో గానీ వాళ్ళ నడుముల సంగతి ఎరిగిన మనిషి.

ఎవరి మతం పండగ చేయాలన్న ప్రశ్న కమిటీ మీటింగుల్లో తరచూ వస్తుంది. సులువైన జవాబు, అందరివీ కలిపి ఒక కార్యక్రమం పెట్టేయడం: ఒక బల్ల మీద కేకు, కుంకుమ భరిణె, ఖర్జూరాలు, వెనక మూడు గుర్తులున్న ఫ్లెక్సీ. చూడ్డానికి బాగుంటుంది. అది ఎవరి పండగా కాదు. ఈ ఊరి పద్ధతి ఎప్పుడూ అది కాదు కూడా. ఎవరి పండగ వస్తే వాళ్ళు యజమానులు, మిగతావాళ్ళు వచ్చి తినిపోయే చుట్టాలు. పక్కింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వస్తుంది, ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు. హోం కూడా ఆ పద్ధతిలోనే నడవాలని నా వాదన.

పాతబస్తీ నుంచి వచ్చిన ఖాలా ఉంది. షుగరు బాగా ఎక్కువ, డాక్టరు రోజా, అంటే రంజాన్ ఉపవాసం, వద్దన్నాడు. ఆమె ఏడ్చింది. ముసలితనం వల్ల, జబ్బు వల్ల ఇక రోజా ఉండలేనివాళ్ళకు ఇస్లాంలోనే దారి ఉంది. తప్పిన ఒక్కో రోజుకు ఒక పేదకు అన్నం పెట్టాలి, దాన్ని ఫిద్యా అంటారు. అది తెలుసు కాబట్టే ఖాలా ఏడుపు ఆపి లెక్కలేసుకుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆశ్రమంలో ఉన్న ఆమెనే అందరూ పేద అనుకుంటున్నారు. రంజాన్ నెలలో ఇఫ్తార్ ప్యాకెట్లు ఆమె పేరున వస్తున్నాయి. ఆమె దగ్గర గాజులమ్మిన డబ్బు కొంచెం ఉంది. దాంతో వాచ్‌మన్ ఇంటికి నెలంతా బియ్యం, పప్పు, నూనె పంపింది. ఫిద్యా తీరింది. పండగనాడు పాలల్లో సేమియా, ఖర్జూరం వేసిన షీర్ ఖుర్మా వంటింట్లో దగ్గరుండి చేయించి, షుగరున్నవాళ్ళకు చక్కెర వేయకుండా వేరే గిన్నె పెట్టించి, వీల్‌ఛైర్‌లో మంచం మంచానికీ తనే వెళ్ళి పోసింది. ఆరోజు ఇఫ్తార్ ప్యాకెట్ల వాళ్ళు వచ్చుంటే వాళ్ళకూ పోసేది.

మెదక్ ఆంటీది ఇంకో రకం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయిన మెదక్ చర్చికి చిన్నప్పటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కు వెళ్ళిన మనిషి. కరువు రోజుల్లో జనానికి పని, కూడు దొరకాలని కట్టించిన చర్చి అని గర్వంగా చెబుతుంది. కేరల్స్ పాడే కుర్రాళ్ళు గిటార్లతో వచ్చి పాడి, కేకు ముక్కలు పంచి, వెళ్ళబోతుంటే కూర్చోమంది. ఒక్కొక్కడి తలమీద చెయ్యి పెట్టి, పేరడిగి, పరీక్షలేమైనా ఉన్నాయా అని అడిగి మరీ ప్రార్థన చేసింది. అరగంట పట్టింది. వాళ్ళకు ఇంకో మూడు చోట్లకు వెళ్ళే పనుంది, అయినా కదల్లేదు.

నా వాదనకు అడ్డు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో నిజముంది. ఒకటి, పని పేరు చెప్పి హోంలు చాకిరీ చేయించుకుంటాయి. మనుషులు చాలని చోట పండగ సకినాలతో మొదలై రోజూ కూరగాయలు తరగడం దాకా వెళ్ళడానికి ఎన్నాళ్ళో పట్టదు. అందుకే చేసిన దాని మీద చేసినవాళ్ళకే హక్కుండాలి, ఎవరికివ్వాలో వాళ్ళే చెప్పాలి. హోం వంటగది సరుకు కాకూడదు. రెండు, అందరికీ పండగ వద్దు. కొడుకు పోయి ఏడాది తిరగని తల్లి గుమ్మానికి మామిడి తోరణం కట్టొద్దంటే కట్టకూడదు. మా హోంలో ఒక పాత కామ్రేడ్ ఉన్నాడు, పూజ మొదలైతే పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోతాడు. ప్రసాదం మాత్రం వరండాకే తెప్పించుకుంటాడు, అది ఆయన సిద్ధాంతం. దీపావళి టపాసుల చప్పుడుకు వినికిడి మిషన్లు పెట్టుకున్నవాళ్ళు నరకం చూస్తారు, ఆస్తమా ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మతిమరుపు జబ్బున్నవాళ్ళకు డప్పులు, మైకు, కొత్త ముఖాల గుంపు కలిపి వస్తే సాయంత్రానికి బెదిరిపోతారు, ఆ రాత్రి నిద్రపోరు, ఆయాలనూ పోనివ్వరు. బోనాల ఊరేగింపు గేటు దాకా వస్తే చాలు, లోపలికి రానక్కర్లేదు. మా హోం గేటు దగ్గర బోనం ఎత్తినామెకు పసుపునీళ్ళతో కాళ్ళు కడిగేది లోపలివాళ్ళే, అప్పుడు కూడా వీళ్ళే ఇంటివాళ్ళు.

ఇదంతా విని మొన్న ఫోన్లో ఒకాయన విసుగ్గా, "అయితే మేం ఏం తేవాలి మరి?" అన్నారు. కారు తెమ్మన్నాను. హోంలో ఉన్న అక్కాచెల్లెళ్ళకు అన్నదమ్ములు ఈ ఊళ్ళోనే ఉన్నారు, ఒకరు మల్కాజిగిరిలో, ఒకరు మెహిదీపట్నంలో, వాళ్ళూ ఎనభైకి దగ్గరైన ముసలివాళ్ళే, మెట్లు దిగలేరు. రాఖీ పౌర్ణమినాడు వీళ్ళను అక్కడికి తీసుకెళ్ళి తీసుకురావాలి. అలాగే ఆర్టీసీ తాత దసరాకు కూతురికి చీర పెట్టాలంటాడు, చీర కొని పెట్టె అడుగున దాచుకున్నాడు, కూతురు వచ్చే వీలు లేదు, ఆయనే వెళ్ళాలి. ముందు సీటు వెనక్కి జరగాలి, డిక్కీలో మడత వీల్‌ఛైర్ పట్టాలి. మందుల డబ్బా, నీళ్ళ సీసా, ఒక జత బట్టలు ఆయా సర్దిస్తుంది. దారిలో బాత్రూం ఎక్కడుందో ముందే చూసుకోవాలి. మధ్యాహ్నం మందు వేళకు ఇంట్లో కూర్చుని ఉండాలి, చీకటి పడేలోపు తిరిగి రావాలి. తాత పక్కన కూర్చుంటే గేరు ఎప్పుడు మార్చాలో చెబుతూనే ఉంటాడు, ఓర్చుకోవాలి. ఆయన సరేనన్నారు, కాకపోతే తనది ఆటోమేటిక్ కారట. ఆ మాట తాతకు ఇంకా చెప్పలేదు.